ముర్ఘాబ్‌లో పెట్టె విప్పిన రోజు

గ్లవ్‌బాక్సు వెనకాల ఉండేది అది,
అరచేతంత అల్యూమినియం పెట్టె.
దానికీ ఒక నోరుందని మాకు తెలీదు
అక్‌బైతాల్ కనుమ మీద, నడిరేయి,
"వద్దు" అనేదాకా.

డీజిలుంది. నూనె ఉంది. టైర్లలో గాలుంది.
ఎక్కడో గోరంత సెన్సారు మాత్రం
గాలి పలచగా ఉందని చాడీ చెప్పింది.
నాలుగువేల ఆరొందల మీటర్ల ఎత్తున
గాలి పలచగా కాక
గడ్డపెరుగులా ఉంటుందా?

పసుపు దీపం వెలిగింది.
జపాను జీపు అలిగిన కొత్తల్లుడైంది.
బతిమాలితే పది గజాలు,
తిడితే అదీ లేదు.

వెనక సీట్లో పంటినొప్పితో బడి మాస్టారు నజర్షో,
ఆయన ఒళ్లో కాళ్లు కట్టిన కోడి, ఎవరికో కానుక.
స్టెప్నీ టైరు కోసి
తెల్లారేదాకా ముక్కముక్కగా కాల్చుకున్నాం.
మాస్టారు ఒక్క మాటనలేదు.
దవడకు తువ్వాలు చుట్టుకుని
కోడిని కోటు లోపల దాచి
నల్లపొగలోకి చూస్తూ కూర్చున్నాడు.
ఆ చూపు నా మీద పడలేదు. పడుంటే బాగుండేది.

బజారు చివర, తుప్పు కంటైనరులో షోదిబెక్ కొట్టు.
"తీసెయ్" అన్నాను.
"ఏది?"
"ఆలోచించేది."
అతను నవ్వలేదు.
"తీయడం వచ్చు. మళ్లీ పెట్టడం రాదు. ఇప్పుడే చెప్తున్నా."

రెండు రోజులు పట్టింది.
గొర్రె పేగులు దూసినట్టు తీగలు దూశాడు,
ఎర్రవి, గోధుమవి, ఎలుక కొరికినవి,
ఎక్కణ్ణుంచి ఎక్కడికో ఎవరికీ తెలియనివి.
అతని కూతురు సవ్సన్ మొదట
ఒక్కో ప్లగ్గుకీ చీటీ అంటించి పేరు రాసింది.
మధ్యాహ్నానికి చీటీలయిపోయాయి.
తర్వాత ఓపికా అయిపోయింది.
సాయంత్రానికి నా బండి లోపలిదంతా
బకెట్టులో చుట్టలు చుట్టుకుని పడుంది.

చైనా సరిహద్దు దగ్గర చచ్చిన లారీ నుంచి
పాత పంపు తెచ్చి బిగించాడు.
ఉత్త ఇనుము. స్ప్రింగులు. కందెన వాసన.
"దీనికి లెక్కలు రావు.
తొక్కితే పోస్తుంది, వదిలితే తగ్గుతుంది.
ఆపాలంటే ఈ తీగ లాగాలి, తాళంచెవికి లొంగదు."
నా పాదానికీ మంటకీ మధ్య
ఇక ఒక్క ఉక్కుతాడే.

స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి
పిడి చెవిలో పెట్టుకుని
నాడి చూసే ముసలి వైద్యుడిలా కళ్లు మూసుకున్నాడు.
పావు చుట్టు. ఇంకో వెంట్రుకవాసి.
కంటైనర్ల సందంతా దగ్గింది, ఆ పొగకి.
తర్వాత పొగ పలచబడి,
చప్పుడు ఒక లయకొచ్చింది.

పెట్టె ఏం చేశాడని అడగండి.
దాని మీద టీకెటిల్ దించుతున్నారు ఇప్పుడు.
బల్ల కాలకుండా.

ఇంటికెళ్లాక గానీ తట్టలేదు నాకు.
డాష్‌బోర్డు కళ్లన్నీ మూసుకుంది.
వేడెక్కినా చెప్పదు, నూనె కారినా చెప్పదు.
చెవితో తోలాలి ఇక.
నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది.
ఆ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు.

అందుకే నిన్న మాస్టార్ని ముందు సీట్లో ఎక్కించుకున్నాను.
పన్ను పీకించుకున్న ఆనందంలో ఉన్నాడు.
"ఏదైనా వింతగా వినిపిస్తే చెప్పండి" అన్నాను,
ఎందుకో చెప్పకుండా.
కనుమ ఎక్కాం. అదే మలుపు.
కాలిన టైరు మచ్చ మంచులో ఇంకా నల్లగా ఉంది.
"టక్ టక్‌మంటోంది" అన్నాడాయన.

తిట్టుకుందామంటే పెట్టె లేదు.
తప్పంటూ ఉంటే నాదే.
తీగ లాగాను. ఇంజను ఆగింది.
పామీరు అంత నిశ్శబ్దం
నా కుడి చెవిలోకి ఒక్కసారిగా దిగింది.

టక్. టక్.

గ్లవ్‌బాక్సు వెనక, పెట్టె ఉండిన చోట,
ఖాళీ రంధ్రంలో మిగిలిపోయిన ఇత్తడి మేకుని
గింజనుకుని పొడుస్తోంది
ఆయన ఒళ్లోని కోడి.

మళ్లీ ఎవరికో కానుకట.