మోసేవాళ్లు

పైనుంచి వచ్చిన ఫారంలో
మూడో గడి పేరు: వాహకులు.
దాని పక్కన చుక్కల గీత మీద
"ఎనుమాముల హమాలీలు, ఇరవై నుంచి యాభై" అని రాసి
రెండేళ్లు జీతం తీసుకున్నాను.

మిర్చి సీజను. యార్డు గేటు దాటగానే
ముందు ముక్కు మాట్లాడుతుంది, తర్వాతే నోరు.
పోస్టరు విప్పాను: ఎర్ర పుర్రె, కింద అడ్డంగా ఎముకలు.
తుమ్ముల మధ్య ఎవరో నవ్వారు.
"గిది పత్తిమందు డబ్బ మీదిదే గదక్కా" అన్నాడు రాజమొగిలి,
కొక్కెం భుజానికి తగిలించుకుంటూ.
"మా అన్న గా బొమ్మను చూస్కుంటనే తాగిండు."

పోస్టరు చుట్టేశాను.
రబ్బరుబ్యాండు తెగింది.

మర్నాడు పదకొండుకి రమ్మంటే ఒక్కరూ రాలేదు.
పదకొండుకి కాంటాలు నడుస్తాయి.
ఎంజీఎంకు పోయి రక్తమిస్తే ఆ పూట కూలి పోతుంది.
నాకు తెలిసి ఉండాల్సింది,
నాన్న వీపు మీద గోనె అచ్చు చూస్తూ పెరిగినదాన్ని.

అందరూ చాయ్‌కి పోయాక ఓదేలు మిగిలాడు,
కుప్ప ముందు కూర్చుని తాలుకాయ ఏరుతూ.

"ఆమెకు అప్పుడు ఏడో నెల.
దవాఖానల నెత్తురు తీసిండ్రు,
లోపలికి పిలిచి ఏమో చెప్పిండ్రు.
నేను బయట చెప్పులకాడ నిలబడ్డ.
నన్నెవ్వలూ పిలువలే.
నాకు చెప్పింది ఆమెనే, ఆటోల,
డ్రైవరుకు ఇనబడకుంట.
చెప్పి నా చెయ్యి పట్టుకున్నది.
తిట్టలే.
తిడితే బాగుండు."

కాసేపు తాలు వేరు, ఎరుపు వేరు.
తర్వాత రెండూ ఒకే కుప్పలో పడ్డాయి.

"పిల్లకు లేదక్కా. మందులేసుకున్నది గద.
మమ్ముల మాత్రం దొంగల లెక్క చూస్తరు,
లేకుంటె చూడనే చూడరు.
బెదిరిచ్చుడు గాదు. అడుగున్రి."

శిక్షణలో ఇచ్చిన ప్రశ్నలు ముప్పై రెండు:
ఎంతమందితో, ఎన్నిసార్లు, ఎక్కడ.
నీకేం భయం అన్నది వాటిలో లేదు.

ఆ రాత్రి కాశిబుగ్గలో
కరెంటు పోతూ వస్తూ ఉండగా మళ్లీ మొదలుపెట్టాను.
సమయం: రాత్రి ఎనిమిది, లారీల లోడు అయ్యాక.
స్థలం: యార్డు ఎదుట లింగమూర్తి కటింగ్ షాపు.
అక్కడ ప్రతివాడూ మెడ అప్పగించే కూర్చుంటాడు.
నిరోధ్‌లు సబ్బుల సొరుగులో. అడగక్కర్లేదు, తీసుకోవచ్చు.
దవాఖానాలో: ఆమెతో పాటు ఆయన్నీ పిలవాలి,
బల్ల ముందు రెండు కుర్చీలు.
చెప్పేవాడు: ఓదేలు,
ఒప్పుకుంటే. ఇంకా అడగలేదు.

మూడో గడి దగ్గర పెన్ను ఆగింది.
వాహకులు కొట్టేసి
మోసేవాళ్లు అని రాశాను.
ఆ మాట నడుమ ఒక్క సున్నా చుడితే మోసం.
ఇన్నాళ్లూ ఆ సున్నా చుట్టింది మేమే.

పై ఆఫీసు దీన్ని వెనక్కి పంపుతుంది,
అప్పటికి యార్డులోకి మక్కలొస్తాయి.

నిద్రలో కన్ను నలుపుకున్నట్టున్నాను.
రెండుసార్లు సబ్బుతో కడిగిన వేళ్లే,
ఓదేలు కుప్పలోని కారం.