రోజిడిసి రోజు

మా మీది అర్రల కిరాయికి దిగింది
ఇథియోపియా పిల్ల. పేరు సెలామావిత్.
కుమార్‌పల్లి గల్లీకి నోరు తిరగలే,
సెలమ్మ అన్నరు. ఊకుంది.

మొదటి నెలంత
జుట్టు ముట్టుకుంటమనే పోరగాండ్లు,
ఏ దేశం ఏ దేశం అనే ఆటోలోల్లు.
కాలేజి రసీదు మీద
తండ్రి పేరు ఇంటిపేరైంది.
వచ్చి తలుపేసుకునేది.
సర్వపిండి ఇస్తే అంచు కొరికి
కండ్లల్ల నీళ్లు.
కారమా, ఇంకేమన్ననా, నేనడగలే.

ఓ ఐతారం తనే పులిసిన రొట్టె పోసి తెచ్చింది,
పెద్ద దోసోలె, ఒళ్లంత కండ్లు.
పులుపు గొంతు దిగలే.
మంచిగుందన్న.

నిన్న తెల్లారగట్ల నాలుగున్నర.
కుక్కలు సుత లేవలే.
మీదికెల్లి కేక:
"కొమురక్కా, నల్లా!"

బిందెలు లేసినయి. గేట్లు తెరుసుకున్నయి.
ఎట్ల తెల్సిందే నీకు, అంటే
పైపుల గాలి సప్పుడన్నది.
మా అమ్మింట్ల గూడ గింతేనక్కా,
నీళ్లకంటె ముందు గాలొస్తది.

ఎదురింట్ల కొత్తగ దిగినాయన
బనీను మీద ఉరికొచ్చిండు:
"నల్లా ఎప్పుడెప్పుడొస్తదమ్మా?"

సెలమ్మ బకెట్ దించకుంటనే చెప్పింది:
"రోజిడిసి రోజు."