ఊ కొట్టడం

పుట్టిన రెండో రోజు, నిద్రలో ఉండగానే
నుదుటి మీదొకటి, మెడ వెనకొకటి, భుజం మీదొకటి
స్టిక్కర్లు అంటించి
మెషీన్ ఏదో అడిగింది దాన్ని.
ఏమడిగిందో మాకు తెలియలేదు.
నర్సు ‘ఫెయిల్’ అనలేదు. ‘రిఫర్’ అంది.
బల్లారట్‌లో జూలై. కారు అద్దం మీద మంచు గీకుతూ
అద్దం తేటపడ్డాక కూడా
చాలాసేపు గీకుతూనే ఉన్నాను.

బంగాళాదుంపల ఫ్యాక్టరీలో నాది రాత్రి షిఫ్టు.
ముక్కలు కోసే యంత్రం పక్కన
ఎనిమిది గంటలు చెవులు మూసుకున్నందుకు జీతమిస్తారు.
తెల్లారి ఇంటికొచ్చి
మేదిని చెవులు తెరుస్తాను.
బ్యాటరీ తలుపు నొక్కితే చిన్న కూనిరాగం,
మెరుపులు చల్లిన ఊదా మోల్డు. ఝాన్సీ ఎంపిక.
రెండు నెలలు తిరక్కుండా వదులైపోతుంది.
చెవి పెరుగుతుంది, మోల్డు పెరగదు.
మళ్ళీ ఫియోనా దగ్గరికి, మళ్ళీ చెవిలో గులాబీ మైనం.
ఇప్పటికి పదకొండు జతలు
బిస్కెట్ల డబ్బాలో, గవ్వల్లాగా.

ముందుగా ఎవరూ చెప్పలేదు గానీ
ఎత్తుకుని హత్తుకుంటే అది కుయ్యిమంటుంది.
చెవిలోంచి జారిన శబ్దం నా చెంపకి కొట్టుకుని
తిరిగి మైకులో పడుతుందట.
మొదట్లో ఉలిక్కిపడి దూరం జరిపేవాణ్ణి.
ఇప్పుడా కూత వినబడితే
పక్క గదిలోంచి ఝాన్సీ అడుగుతుంది,
"ముద్దులయ్యాయా?"

రోజూ పొద్దున్న ఆరు శబ్దాలు.
దాని వెనక కూర్చుని, నా పెదాలు కనబడకుండా
ఆ, ఈ, ఊ, మ్, ష్, స్.
వినబడితే గిన్నెలో చెక్క ముక్క వెయ్యాలి.
ఆ అంటే టక్. ఈ అంటే టక్.
స్ దగ్గర మాత్రం చెయ్యి గాల్లో ఆగిపోతుంది.
రెండోసారి అనను.
అంటే మెడ అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది.

ఇంట్లో ఒక్క భాషే మాట్లాడమని ఎవరో అన్నారు,
అదీ వాళ్ళ భాష.
ఫియోనా కొట్టిపారేసింది.
మీరు ఏ భాషలో కోప్పడతారో అదే మాట్లాడండి, అంది.
అప్పట్నించి నా నోటికి తీరిక లేదు.
పోపు వేస్తూ చిటపటమంటాను,
సాక్సు తొడుగుతూ ఎడమ కాలేదీ అంటాను,
వెండూరీ సరస్సు గట్టున చలిలో నిలబడి
అదిగో నల్లహంస అంటాను,
తెల్లదాన్ని ఎక్కడా చూపించకుండానే.
మాట చెవిన పడింది అంటారు మనవాళ్ళు.
దాని చెవిన పడదు. దించాలి,
నిండు బిందె దించినట్టు.

మొన్న షిఫ్టు లేని రాత్రి
కథ చెబుతున్నాను.
వానకి చొక్కా కుట్టించుకోవాలని
దర్జీ దగ్గరికి బయల్దేరిన నత్త కథ.
నేను కల్పించిందే, చివర ఇంకా దొరకలేదు.
సగంలో ఆవలింతొచ్చి ఆగాను.

"ఊ"
అంది మేదిని.

ఇది పొద్దుటి ఊ కాదు. గిన్నెలో ఏదీ టక్ మనలేదు.
కథకి కొట్టే ఊ.
ఎవరు నేర్పారు?
వంటింట్లోంచి ఝాన్సీ నాకు కొట్టే ఊ అయ్యుండాలి,
సగం వింటూ, సగం వినకుండా.
నాకు మాట రాలేదు.
అది విసుక్కుని, నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని
"ఊఁ!" అని గద్దించింది.
కంగారులో నత్తకి చొక్కా అప్పుడే ఇప్పించేశాను,
గుండీలు నాలుగు, జేబు ఒకటి.

తర్వాత యంత్రాలు తీసి డబ్బాలో పెట్టాం.
దీపం ఆర్పాం.
చీకట్లో అది నా గొంతు మీద అరచెయ్యి ఆనించి పడుకుంది.
నత్త వానలో ఇంటికి నడుస్తోంది.
ఆగినచోటల్లా
వేళ్ళు కదిలాయి.