ఖాళీ బీకరు

గాజులు తీసి డబ్బాలో వేస్తాను.
బొట్టు తుడిచి, చెప్పులు విడిచి,
తల దాకా తెల్ల గౌనులో దూరి
గాలిని కూడా వడకట్టే గదిలో అడుగుపెడతాను.
బయట యశ్వంతపురంలో లారీలు రొప్పుతుంటాయి.
లోపల నా ఊపిరొక్కటే చప్పుడు.

ఇవాళ్టి రాయి బాగలూరు క్వారీది.
తెల్లబండని నిలువునా చీల్చుకుంటూ
బారెడు వెడల్పున నల్ల చార.
మా తాత గురవయ్య దాన్ని పాము అనేవాడు.
సుత్తి పడితే తెల్లరాయి టక్కుమనేది,
నల్లరాయి ఖంగుమనేది, కంచు చెంబులా.
"ఇది పైరాయి కాదే పిల్లా, లోతు నుంచి ఎక్కొచ్చింది"
అంటూ ఉలి మార్చుకునేవాడు.
ఎంత లోతని ఎవరూ అడగలేదు.
వడ్డెవాణ్ణి అడిగేది ట్రాక్టరు ఎంతకని.

వసుంధర మేడమ్ ఇంకోలా చెబుతారు.
ఇది అగ్నిపర్వతం గొంతట.
పైనున్న కొండని వానలు ఎప్పుడో తినేశాయి,
లావా పారిన నేల నదుల్లో కొట్టుకుపోయింది,
పైకి రాలేక దారిలోనే గడ్డకట్టిన కేక
ఇదొక్కటే మిగిలింది
రెండు వందల కోట్ల ఏళ్ల పైమాట.

అగేటు రోలులో నూరతాను, ఇనుము తగలకూడదు.
వేలికి అంటితే కాటుకలా ఉంటుంది.
చిటికెడు పిండి, గాజుని తినే ఆమ్లం,
మూడు రాత్రుల వేడి.
రాయి నీళ్లయిపోతుంది.
ఆ నీళ్లని రెజిన్ గొట్టంలో చుక్కచుక్కగా దించుతాను.
స్ట్రాన్షియం ముందు దిగుతుంది, తొందరమనిషి.
నియోడిమియం చివర్న,
పెళ్లిలో అలిగిన మేనమామలా బతిమాలించుకుని.
సీసానికి వేరే గొట్టం.

కింద కరిగేటప్పుడు ఏ ఖనిజం దేన్ని పోనిచ్చిందో
దేన్ని పట్టుకుందో, ఆ లెక్క రాయి మరిచిపోదు.
ఇటర్బియం తక్కువ వచ్చిందా,
అడుగున గోమేధికం ఉన్నట్టు,
గుప్పిట మూసి వదల్లేదన్నట్టు.
అంటే ఎనభై కిలోమీటర్ల కింద మాట.
మా అవ్వ రాహువు కోసం చిక్కపేటలో ఒకటి కొనుక్కుంది,
ఉంగరం వదులైతే దారం చుట్టుకుంది.
అది గాజని తర్వాత తేలింది.

పదకొండు రాళ్లకి ఒక ఖాళీ బీకరు పెడతాం.
అందులో రాయి వేయం.
అదే ఆమ్లం, అదే వేడి, అవే చేతులు.
దాంట్లో ఏం తేలితే అది మా మురికి.

మంగళవారం ఖాళీ బీకరులో సీసం తేలింది,
కొద్దిగా కాదు.
ప్రాంజల్ ఆమ్లం మార్చాడు, నీళ్లు మార్చాడు,
వడపోత విప్పి చూశాడు.
మేడమ్ నా ముఖంలోకి చూసి, మెల్లిగా,
"నాంచారీ, పాపిట?" అన్నారు.
టోపీ కింద, వెంట్రుకల మొదట్లో
కరగ నాడు కొన్న ఎర్ర సింధూరం.
బొట్టు తుడిచాను గానీ
అది ఒంట్లోదే అనుకున్నాను.
రాయిని పుట్టుక అడిగితే
నా పేరు చెప్పింది.

పదకొండూ పారబోశాం. మళ్లీ నూరాను.

ఈసారి అంకె కుదిరింది. తాత చెప్పినట్టు లోతు నుంచే.
అయితే ఎక్కొచ్చే దారిలో
తెల్లబండని కొంత కరిగించి తాగింది,
పదోవంతు ఉండొచ్చు.
కలుషితం, అని ప్రాంజల్ రాసుకున్నాడు.
అంత దూరం వస్తూ ఎవర్నీ తాకకుండా రావాలా అది?
నేనేమీ అనలేదు.
మా ఇంట్లో కన్నడం తోక తగిలించకుండా
ఒక్క తెలుగు మాటా పూర్తికాదు.

బాగలూరు క్వారీ నిండా ఇప్పుడు నగరం చెత్త.
తాత పాము దాని కిందెక్కడో.
నూరగా మిగిలిన పలక, అరచేయంత,
ఇక అక్కర్లేదని నాకిచ్చేశారు.
రాత్రి పొయ్యి దగ్గర దారంతో వేలాడదీసి
గరిటెతో ఒక్క దెబ్బ వేశాను.
పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు.