ఎర్త్

బ్రేకు తొక్కితే
డాష్‌బోర్డులో ఆకుపచ్చ బాణం మిణుకుమంటోంది, నేను ఎటూ తిరగకపోయినా.
క్లచ్ తొక్కితే
ఎవరో ఇసుక నములుతున్నట్టు గరగర.

ఆటోనగర్‌కి తెచ్చాక మాత్రం నోరెత్తదు!
డాక్టరు ముందు దగ్గు మానేసిన పిల్లాడి తల్లిలా
ఖాజావలి ముందు దొంగనై నిలబడ్డాను.
"వేడెక్కనీయండి పిండి మేడం, అదే మాట్లాడుద్ది."

తొంభై ఏడు మోడలు మారుతీ.
నాకంటే ముందు ముగ్గురు తోలారు.
తెల్లారకముందే పటమట హాస్టళ్లకి
నేను దోసెల పిండి చేరవేసేది దీన్లోనే.
ఏ చప్పుడొచ్చినా ఆ ముగ్గుర్నీ తిట్టుకోవడం అలవాటు.

బారెడు స్క్రూడ్రైవరు మొన
గేరుబాక్సు మీద ఆనించి
పిడి చెవికి ఆనించుకున్నాడు ఖాజావలి.
"తొక్కండి."
"వదలండి."
"తొక్కండి."
వెల్డింగు చిటపటలు, రేకు మీద సుత్తి,
టీ కుర్రాడి గ్లాసుల గలగల,
అన్నిటినీ దాటి ఎక్కడికో పోయాడు.
తిరిగొచ్చి అన్నాడు:
"వదిలితే అరిచి, తొక్కితే ఊరుకుంటే గేరుబాక్సు.
తొక్కితేనే అరుస్తోంది కాబట్టి రిలీజు బేరింగు. అదృష్టవంతులు."
అదృష్టం లేబరుతో కలిపి
మూడువేల ఎనిమిదొందలు.

వైర్ల సంగతి ఏసుపాదానిది.
డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరితే
బయటికి రెండు పాదాలే మిగిలాయి.
లోపల్నించి ఒక్కొక్కటీ చూపించాడు.
ఇక్కడ నల్లటేపు, ఇక్కడ ఎర్రటేపు,
ఇదిగో ఆస్పత్రి ప్లాస్టరు,
ఇదిగో అరటినారతో కట్టిన కట్ట.
"చూశావా వాళ్ల పనులు!" అన్నాను.
"అన్నీ గట్టిగానే ఉన్నాయమ్మా" అన్నాడు పాదాల్లోంచి.

రోళ్లు పగిలే రోహిణి కార్తె.
నా చేతిలో మజ్జిగ ప్యాకెట్టు
తాగేలోపే వేడెక్కింది.
ఫ్యూజు పోలేదు, వైరు తెగలేదు.
టెస్టుల్యాంపు పట్టుకుని ఏసుపాదం
ముందునించి వెనక్కి, సీట్ల కిందుగా,
తప్పిపోయిన మేకని వెతికినట్టు వెళ్లి
డిక్కీ దగ్గర ఆగాడు.
మ్యాటు ఎత్తాడు.
పుల్లటి వాసన.

వెనక దీపం కింద ఒక్క బోల్టు,
తుప్పుతో పుట్టగొడుగులా ఉబ్బి.
"ఎర్త్ పోయింది.
వచ్చిన కరెంటు తిరిగెళ్లాలి కదమ్మా,
దాని గుమ్మం మూసుకుపోతే
పక్కింట్లోంచి పోతుంది.
మీ బ్రేకు కరెంటు బాణం ఇంట్లోంచి పోతోంది.
ఇక్కడేం ఒలికింది?"

నేను చెప్పలేదు.
డిక్కీ అంచున
తెల్లగా ఎండిన పిండి చార చెప్పేసింది.

మర్నాడు పాత బేరింగు నా అరచేతిలో పెట్టాడు ఖాజావలి.
గుండ్రంగా తిరగాల్సింది
గింజలు గింజలుగా తిరిగింది.
పెడళ్ల వైపు గడ్డం చూపించాడు.
బ్రేకు రబ్బరు మీద గళ్లు ఇంకా గళ్లే.
క్లచ్ రబ్బరు అద్దం.
"కాలెప్పుడూ దీని మీదేనా?"
"ఎప్పుడు ఎవరు అడ్డొస్తారో అని..."
"అడ్డొచ్చినప్పుడు తొక్కండి.
రానివాళ్ల కోసం కూడా తొక్కుతున్నారు మీరు."

ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త బోల్టు బిగించి
ఎర్త్‌కి ఏసుపాదం తీసుకున్నది నూటయాభై.
ఆ ముగ్గురికీ మనసులోనే
ఒక నమస్కారం బాకీ పెట్టుకున్నాను,
ముఖ్యంగా అరటినార ఆయనకి.

బెంజి సర్కిల్ దగ్గర ఎర్రదీపం.
బ్రేకు తొక్కాను. బాణం చీకట్లోనే ఉంది.
న్యూట్రల్ చేసి ఎడమ కాలు తీసి కింద పెట్టాను.
చప్పుడు లేదు.
వెనక ఖాళీ క్యాన్లు మాత్రం ఒకదాన్నొకటి తాకుతున్నాయి.
కాలు కాసేపు ఊరుకుంది,
కొత్తింట్లో చుట్టంలా ముడుచుకుని.
తర్వాత, నేను చూడట్లేదనుకుని,
మెల్లగా పెడలు వైపు జరిగింది.