ఏడు సెంటీమీటర్లు

మా కెర్మోర్ రేవులో పోటు కొలబద్ద అబద్ధమాడుతుందని
ముందు కనిపెట్టింది ఎర్వాన్.
యుద్ధం తరవాత గోడ మళ్లీ కట్టినప్పుడు
తాపీవాళ్లు దాన్ని కాస్త కిందికి దించి బిగించారట.
"లెక్క ఎంతొచ్చినా ఏడు కలుపుకో, సోజిగ్" అన్నాడు
పైపు నోట్లోంచి తియ్యకుండానే.

కలిపాను.
ఆ వరస పక్కనే రాసిపెట్టాను కూడా:
ఎందుకో అడక్కండి, ఎర్వాన్ చెప్పాడు, తీసెయ్యకండి.

తొమ్మిది చలికాలాలు పట్టింది ఆ ప్రోగ్రాం.
పగలు పడవల కిరాయి రసీదులు,
రాత్రి చంద్రుడూ సూర్యుడూ
నీళ్లని చెరోవైపు లాగే లెక్క.
అయ్యాక ఊరికే పెట్టేశాను అందరి ముందూ.
లైసెన్సుల్లో అతి పొట్టిది ఎంచుకున్నాను,
నిజం చెప్పాలంటే, పొడుగువి చదివే ఓపిక లేక:
ఏమైనా చేసుకోండి, నా పేరొక్కటి ఉంచండి.

మా తమ్ముడు గ్వెనోలే పొడుగు లైసెన్సు మనిషి.
"తీసుకున్నవాడు తానూ తెరిచి ఇవ్వాలి, అలా రాయి" అని
ఆల్చిప్పల పళ్లెం మీద పోట్లాడాడు.
షరతు పెడితే అది దానం కాదురా, అప్పు, అన్నాను.
"బావికి గట్టు కట్టడం షరతా అక్కా?"
నిమ్మచెక్క పిండుతూ ఉండిపోయాను.

కంపెనీ ఒకటి తీసుకుంది.
పేరు చెప్పను, దాని వకీళ్లకి పని కల్పించడమెందుకు.
పెట్టె చేసింది, బూడిదరంగుది, అందమైనదే.
ఏడాదికింతని అద్దె.
మూత విప్పితే వారంటీ పోతుందని
నాలుగు స్క్రూల మీదా ఎర్ర స్టిక్కరు.
లోపలున్నది నా లెక్కేనని నాకు తెలీదు.
మా రేవుకీ అమ్మజూపారు.
డబ్బుల్లేక కొనలేదు.

మొన్న మార్చిలో నోవా స్కోషియా నుంచి ఉత్తరం.
ఐవర్ మెకాస్కిల్, లాబ్‌స్టర్లు పట్టే మనిషి.
పెట్టె చెప్పిన లోతు నమ్మి వస్తుంటే
పడవ అడుగు బండకి గీసుకుందట.
కొలిచాడు. మర్నాడు మళ్లీ కొలిచాడు.
ఏ రోజు చూసినా ఏడు సెంటీమీటర్లు ఎక్కువ.
సముద్రానిదే తప్పన్నారట కంపెనీవాళ్లు.
అతని కూతురు ఎక్కడో నా పాత ప్రోగ్రాం దొరకబుచ్చుకుని
చదువుతూ చదువుతూ ఒక వరస దగ్గర ఆగిందట.
"ఎర్వాన్ ఎవరు?"

ఎర్వాన్ పోయి ఆరేళ్లు.
పెట్టెతో ఇచ్చిన పుస్తకంలో నా పేరు ఎక్కడా లేదట.
పేరు తీసేశారు,
ఏడుని మాత్రం భద్రంగా ఉంచారు.
మా గోడ పక్కన అక్షరాలా నిజమైన అంకె
సముద్రం దాటి, స్టిక్కరు కింద దూరి
అబద్ధమై కూర్చుంది.
నా వాక్యం చదివిన కన్ను ఒక్కటి లేదు
ఆ కంపెనీ భవనమంతటా.

దావా వెయ్యమన్నాడు గ్వెనోలే.
దొంగతనం ఎక్కడుంది? ఇచ్చాను, తీసుకున్నారు.
మూసేశారే, అదీ నా కోపం.
మూసినదాన్లో తప్పు కూడా ఆస్తే,
దిద్దబోతే మనమే దొంగలం.

ఆ రాత్రే వరస మార్చాను:
ఏడు మా రేవుకే. మీ గోడని మీరే కొలుచుకోండి.
ఐవర్‌కి పంపాను.
పెట్టెలోకి ఎక్కించలేనన్నాడు,
ఒప్పందం ఇంకా నాలుగేళ్లుంది, తాళం వాళ్లది.

ఇప్పుడు రాస్తున్న గాలి లెక్కల ప్రోగ్రాంకి
పొడుగు లైసెన్సే పెట్టాను, మొత్తం చదివి.
తమ్ముడికి ఇంకా చెప్పలేదు.

పోయిన వారం ఐవర్ ఒక ఫొటో పంపాడు.
వాళ్ల రేవు ఆఫీసులో ఆ బూడిదరంగు పెట్టె,
దానిపైన చెక్క గోడ మీద సుద్దముక్కతో
అరచెయ్యంత అక్షరాలు: ఏడు తీసెయ్యండి.
కింద ఇంకెవరిదో దస్తూరీ:
ఎర్వాన్ చెప్పాడు.

తేమకి చెరిగిపోతుంటుందట.
పొద్దున్నే ఎవరు ముందొస్తే
వాళ్లు మళ్లీ రాస్తారట.