పదకొండు రోజుల ఖాళీ

నీరు పల్లమెరుగు అంటారు.
దాన్ని మిట్టకు ఒప్పించినవాళ్ళను
ఎవరూ ఎరగరు.

సైలీసియాలో, మా గని పేటలో
ఎర్రిటుకల నీళ్ళ బురుజు ఒకటి.
ఎనిమిది మూలల టోపీ, మసిబారిన మెడ.
షిఫ్టు దిగినవాళ్ళంతా ఒక్కసారే
వీపులు రుద్దుకునే వేళ
దాని కడుపు గుడగుడలాడేదట.
నేను వినలేదు. నేను పుట్టేసరికే ఎండిపోయింది.

నగరసభ దానికి ఎప్పుడో నీళ్ళొదిలేసింది.
కూల్చడానికెంత అంటే పైసలతో సహా చెప్పారు,
నిలబెట్టడానికెంత అంటే నీళ్ళు నమిలారు.
చర్చి వాకిట్లో గసగసాల కేకులమ్మాం.
పావురాల రెట్ట పదిహేడు బండ్లు తోడాం.
బ్యాండు మేష్టారు ఆల్‌ఫోన్స్
తన ట్యూబా తాకట్టు పెడతానన్నాడు,
పుచ్చుకునేవాడు దొరకలేదు.

ఓటీలియా మాత్రం కేకు కొనలేదు.
"పడగొట్టండి దాన్ని.
మా నాన్న మోకాళ్ళు రెండూ తినేసింది."

నాది సున్నం పని.
తొట్టి కింద గదిలో బూజు దులుపుతుంటే
గోడంతా పెన్సిలు గీతలు బయటపడ్డాయి.
రోజుకొక అంకె, నీటి మట్టం. పక్కన క్రోచెక్ సంతకం.
వారాల పేర్లు మొదట జర్మన్‌లో,
ఒక చలికాలం తర్వాత పోలిష్‌లో.
సంతకంలోనూ రెండక్షరాలు మారాయి.
ఏడు అంకెకి అడ్డగీత పెట్టే ఆ చెయ్యి
మారలేదు.
రెండు భాషల నడుమ
పదకొండు రోజులు ఉత్త గోడ.

తెరిచిన రోజున వాన.
దీపాలు వెలిగాయి, మేయరు తడిసిన కాగితం చదివాడు,
నగరసభే కాపాడినట్టు.
ఓటీలియా మడత కుర్చీ తెచ్చుకుని
బురుజు మొదట్లో, దానికి వీపు పెట్టి కూర్చుంది.
నూట అరవై రెండు మెట్లు. ఎనభై ఎనిమిదేళ్ళు.
ఎక్కమని నేననలేదు.
ఫోనులో గోడ ఫొటో చూపించాను.

రెండు వేళ్ళతో పెద్దది చేసింది.
అంకెలు దాటేసింది, సంతకాలు దాటేసింది,
ఖాళీ దగ్గర ఆగింది.

"అప్పుడు నేలమాళిగలో ఉన్నాం.
పైన ఎవరి బూట్లో తెలిసేది కాదు.
నాన్న రాత్రిళ్ళు మంచు తెచ్చి
టోపీలో కరిగించేవాడు.
ముందు నాకు. తర్వాత అమ్మకి.
ఊరందరికీ నీళ్ళు కొలిచినవాడు
తనకెంత మిగిలిందో కొలుచుకోలేదు."

ఫోను తిరిగిచ్చింది.
"సున్నం వేస్తావా దాని మీద?"
"వేయాలనే చెప్పారమ్మా."
"అంకెల మీద వేసుకో.
ఖాళీ మీద మాత్రం వేయకు."

దేని మీదా వేయలేదు.

చీకటి పడ్డాక అందరూ వెళ్ళిపోయారు.
కమాను కింద ఆల్‌ఫోన్స్ ఒక్కడే
ట్యూబా బోర్లించి
వాననీళ్ళు వొంపుకుంటున్నాడు.